తెలుగు వాక్యాన్ని వెనక నుంచి చదవండి: ఇంగ్లీషు వాక్యం కట్టడం ఎలా

‘రవి సీతను పిలిచాడు’ అనండి, ‘సీతను రవి పిలిచాడు’ అనండి. ఊనిక కాస్త మారుతుంది గానీ పిలిచినవాడు రవే. సీత పక్కనున్న ‘ను’ ఆమెను వాక్యంలో ఎక్కడ కూర్చోబెట్టినా కర్మగానే ఉంచుతుంది. ఇంగ్లీషులో ఆ ‘ను’ లేదు. ‘రవి కాల్డ్ సీత’ అంటే పిలిచింది రవి. పేర్లు అటూ ఇటూ మార్చి ‘సీత కాల్డ్ రవి’ అంటే పిలిచింది సీత. మాటలు అవే, చోట్లు మారాయి, అర్థం తిరగబడింది.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో మన భాషలో ఉన్నట్టే విభక్తి ప్రత్యయాలు ఉండేవి. తర్వాతి రెండు మూడు శతాబ్దాల్లో అవి చాలావరకు అరిగిపోయాయి. ‘ఐ, మి’, ‘హి, హిమ్’ లాంటి సర్వనామాల్లో ఆనవాళ్లు మిగిలాయి. ప్రత్యయం చేసే పనిని మాట ఉన్న చోటు చేయడం మొదలుపెట్టింది. అందుకే ఇంగ్లీషు నేర్చుకునేవారి చేతిలో మొదటిరోజే పన్నెండు టెన్సుల పట్టిక పెట్టడం సరికాదని నా గట్టి నమ్మకం. మాటల వరుస కుదిరితే, టెన్సు కాస్త తప్పినా ఎదుటివారికి విషయం అందుతుంది. వరుస కుదరకపోతే ఎన్ని టెన్సులు కంఠతా వచ్చినా వాక్యం నిలబడదు. కాబట్టి ముందు వరుస నేర్చుకుందాం.

ముందు కర్తను బయటికి తీయండి

తెలుగు క్రియ తన కర్తను తనలోనే మోస్తుంది. ‘వచ్చాను’ అంటే చాలు, వచ్చింది నేనని తెలిసిపోతుంది. ‘వచ్చావు’, ‘వచ్చాడు’, ‘వచ్చాం’, ప్రతిదానికీ తోక వేరు. ఇంగ్లీషులో వీటన్నిటికీ ఒకటే మాట, ‘కేమ్’. ఎవరు వచ్చారో ఆ మాట చెప్పదు. అందుకని ‘ఐ కేమ్’, ‘హి కేమ్’, ‘వి కేమ్’ అని కర్తను విడిగా ముందు పెట్టక తప్పదు. ‘కమ్ ఇన్’, ‘సిట్ డౌన్’ లాంటి ఆజ్ఞల్లో తప్ప కర్త లేని పూర్తి వాక్యం ఇంగ్లీషులో దాదాపు ఉండదు.

చెప్పడానికి కర్తే లేని సందర్భాల్లోనూ ఆ చోటు ఖాళీగా ఉండకూడదు. అక్కడ ‘ఇట్’ కూర్చుంటుంది. ‘ఆలస్యమైంది’ అనడానికి ‘ఇట్ ఈజ్ లేట్’, ‘చలిగా ఉంది’ అనడానికి ‘ఇట్ ఈజ్ కోల్డ్’. ఈ ‘ఇట్’కు అర్థం వెతకకండి, చోటు నింపడమే దాని పని. ఎక్కడో ఏదో ఉందని కొత్తగా చెప్పేటప్పుడు ‘దేర్’ వస్తుంది. ‘గదిలో ఇద్దరు ఉన్నారు’ అన్నది ‘దేర్ ఆర్ టూ పీపుల్ ఇన్ ది రూమ్’ అవుతుంది.

గౌరవం విషయంలో ఒక మాట. ‘నాన్నగారు వచ్చారు’ అనేటప్పుడు మనం బహువచన క్రియ వాడతాం. ఇంగ్లీషులో ఆ మర్యాద క్రియకు ఎక్కదు. తండ్రి ఒక్కరే కాబట్టి ‘మై ఫాదర్ హ్యాజ్ కమ్’ అనాలి. ‘హ్యావ్ కమ్’ అంటే గౌరవం పెరగదు, వాక్యం తప్పవుతుంది.

‘నాకు’తో మొదలయ్యే వాక్యాల దగ్గర ఆగండి

తెలుగువాళ్లకు ఎక్కువగా అడ్డుపడేది ఇక్కడే. ‘నాకు తెలుసు’, ‘నాకు కావాలి’, ‘నాకు ఇష్టం’, ‘నాకు జ్వరంగా ఉంది’. మన దృష్టిలో తెలియడం, ఇష్టపడడం, జ్వరం రావడం మనం చేసే పనులు కావు, మనకు కలిగే స్థితులు. అందుకే ‘కు’ పెడతాం. ఇంగ్లీషు మాత్రం ఆ మనిషినే తీసుకెళ్లి కర్త స్థానంలో కూర్చోబెడుతుంది. ‘ఐ నో’, ‘ఐ వాంట్’, ‘ఐ లైక్’, ‘ఐ హ్యావ్ ఎ ఫీవర్’. ‘నాకు ఇద్దరు చెల్లెళ్లు ఉన్నారు’ అన్నది ‘ఐ హ్యావ్ టూ యంగర్ సిస్టర్స్’ అవుతుంది. ‘నాకు ఆకలిగా ఉంది’ అన్నదానికి ‘ఐ యామ్ హంగ్రీ’.

‘నాకు’, ‘ఆమెకు’, ‘వాళ్లకు’ అని తెలుగు వాక్యం మొదలైనప్పుడల్లా ‘టు మి’, ‘టు హర్’ అని నోటికి రాబోతుంది. ఒక్క క్షణం ఆగి, ఆ ‘కు’ను తీసేసి చూడండి. ‘ఆమెకు అర్థమైంది’ అన్నదాన్ని మనసులో ‘ఆమె అర్థం చేసుకుంది’ అని మార్చుకుంటే ‘షి అండర్‌స్టుడ్’ దానంతటదే వస్తుంది. ‘వాళ్లకు డబ్బు అవసరం’ అన్నది ‘దే నీడ్ మనీ’. ఇలాంటి వాక్యాలను ఒకచోట రాసుకుని ‘కు’ తీసి తిరగరాయండి. ఈ ఒక్క అలవాటు టెన్సుల పట్టిక కన్నా ఎక్కువ ఉపకరిస్తుంది.

ఇప్పుడు మిగతాది వెనక నుంచి చదవండి

ఈ వాక్యం చూడండి: ‘నేను / నిన్న సాయంత్రం / లైబ్రరీలో / ఒక ఉత్తరం / రాశాను.’ కర్త అయిన ‘నేను’ను ముందే ఉంచి, మిగతా ముక్కలను చివరి నుంచి వెనక్కి చదవండి. రాశాను, ఒక ఉత్తరం, లైబ్రరీలో, నిన్న సాయంత్రం. ఇప్పుడు ఇంగ్లీషు వాక్యం: ‘ఐ / రోట్ / ఎ లెటర్ / ఇన్ ది లైబ్రరీ / యెస్టర్డే ఈవెనింగ్.’ ముక్కకు ముక్క సరిపోయింది.

ఇది కాకతాళీయం కాదు. తెలుగులో క్రియ చివర ఉంటుంది, దానికి సంబంధించినవన్నీ దాని ముందు చేరతాయి. ఇంగ్లీషులో క్రియ కర్త వెంటనే వస్తుంది, తక్కినవన్నీ దాని వెనక చేరతాయి. క్రియకు దగ్గరగా ఉండేది రెండింటిలోనూ కర్మే. ఆ తర్వాత చోటు, ఆ తర్వాత కాలం.

ముక్కల లోపలికి వెళ్లినా ఇదే తీరు. మన ‘లో’, ‘మీద’, ‘కింద’, ‘నుంచి’, ‘కోసం’ నామవాచకం వెనక వస్తాయి. ఇంగ్లీషు ‘ఇన్’, ‘ఆన్’, ‘అండర్’, ‘ఫ్రమ్’, ‘ఫర్’ ముందు వస్తాయి. టేబుల్ మీద: ‘ఆన్ ది టేబుల్’. వంతెన కింద: ‘అండర్ ది బ్రిడ్జ్’.

ఇంకాస్త పొడవైన వాటికీ ఈ పద్ధతి పనికొస్తుంది. ‘నిన్న నాకు ఫోన్ చేసిన అమ్మాయి’ అనే మాటను వెనక నుంచి చదవండి: అమ్మాయి, ఫోన్ చేసిన, నాకు, నిన్న. ఇంగ్లీషులో ‘ది గర్ల్ హూ కాల్డ్ మి యెస్టర్డే’. మధ్యలో ‘హూ’ అనే కొక్కెం మాత్రం కొత్తగా చేరింది. మనుషులకు ‘హూ’, వస్తువులకు ‘విచ్’, చాలాచోట్ల రెండింటికీ ‘దట్’. ‘నేను చదువుతున్న పుస్తకం’ అన్నది ‘ది బుక్ దట్ ఐ యామ్ రీడింగ్’.

‘అని’, ‘కాబట్టి’, ‘తే’ ఉన్న వాక్యాలూ అంతే. ‘అతను రాడని నాకు తెలుసు’ అన్నదాంట్లో చివరి ముక్క ముందుకొచ్చి ‘ఐ నో దట్ హి విల్ నాట్ కమ్’ అవుతుంది. ‘రైలు ఆలస్యమైంది కాబట్టి నేను మీటింగ్‌కి రాలేదు’ అన్నది ‘ఐ డిడ్ నాట్ కమ్ టు ది మీటింగ్ బికాజ్ ది ట్రెయిన్ వజ్ లేట్’. మన ‘కాబట్టి’ కారణం చెప్పే ముక్క చివర వస్తుంది. ఇంగ్లీషు బికాజ్ ఆ ముక్క మొదట వస్తుంది. ‘బికాజ్’ పెట్టిన వాక్యంలో మళ్లీ ‘సో’ పెట్టకండి, ‘ఆల్దో’ పెట్టిన చోట ‘బట్’ పెట్టకండి. రెండిట్లో ఒకటే చాలు. ‘మీరు వస్తే నేను వస్తాను’ అన్నది ‘ఐ విల్ కమ్ ఇఫ్ యు కమ్’. ఇక్కడ ‘ఇఫ్’ ఉన్న ముక్కలో ‘విల్’ రాలేదు, గమనించండి.

తిరగబడనివి కొన్ని ఉన్నాయి. విశేషణం రెండు భాషల్లోనూ నామవాచకం ముందే ఉంటుంది. ఎర్ర తలుపు ‘రెడ్ డోర్’, నా పుస్తకం ‘మై బుక్’, మూడు కుర్చీలు ‘త్రీ చెయిర్స్’. ‘ఆల్వేస్’, ‘ఆఫెన్’, ‘నెవర్’ లాంటివి కర్తకు, క్రియకు మధ్యలో దూరతాయి: ‘షి ఆల్వేస్ కమ్స్ ఎర్లీ’. కాలం చెప్పే మాటను కావాలంటే వాక్యం మొదటికి తేవచ్చు. ‘ఇచ్చు’ లాంటి క్రియకు రెండు వరుసలు ఉన్నాయి. ‘ఐ గేవ్ ఎ బుక్ టు హర్’ అనవచ్చు, ‘ఐ గేవ్ హర్ ఎ బుక్’ అనీ అనవచ్చు. రెండో దాంట్లో మనిషి ముందుకొచ్చింది కాబట్టి ‘టు’ పోయింది.

క్రియ లేని తెలుగు వాక్యానికి క్రియ ఇవ్వండి

‘మా అక్క డాక్టర్.’ ఈ తెలుగు వాక్యంలో క్రియే లేదు, అయినా నిండుగా ఉంది. ఇంగ్లీషు దీన్ని ఒప్పుకోదు. ‘మై సిస్టర్ ఈజ్ ఎ డాక్టర్’ అని ‘ఈజ్’ పెట్టాలి. ఐ పక్కన ‘యామ్’, ఒక్కరికి, ఒక్కదానికి ‘ఈజ్’, ఎక్కువమందికి, ‘యు’ అనే మాటకు ‘ఆర్’. గడిచిన కాలంలో ‘వజ్’, ‘వర్’.

ఇవి నేర్చుకున్నాక చాలామంది వీటిని ప్రతి వాక్యంలోనూ పెట్టేస్తారు. ‘ఐ యామ్ గో’, ‘ఐ యామ్ అగ్రీ’ అని. ‘గో’, ‘అగ్రీ’ వాటంతటవే క్రియలు, వాటికి ‘యామ్’ అక్కర్లేదు. ‘ఐ గో’, ‘ఐ అగ్రీ’ చాలు. ఎవరో, ఏమిటో, ఎలా ఉందో చెప్పడం ఒక రకం వాక్యం. ఏం చేస్తారో చెప్పడం ఇంకో రకం. వాక్యం మొదలుపెట్టే ముందే మీది ఏ రకమో తేల్చుకోండి, ఎందుకంటే ‘కాదు’ అనడానికీ, ప్రశ్న అడగడానికీ ఈ తేడాయే ఆధారం.

‘కాదు’ అనడం, ప్రశ్న అడగడం

ఈజ్, ఆర్, విల్, కెన్, హ్యావ్ లాంటి సహాయక క్రియ వాక్యంలో ముందే ఉంటే పని తేలిక. దాని పక్కన ‘నాట్’ పెడితే వ్యతిరేకం, దాన్ని కర్త ముందుకు తెస్తే ప్రశ్న. ‘షి ఈజ్ నాట్ ఎ డాక్టర్’, ‘ఈజ్ షి ఎ డాక్టర్?’, ‘కెన్ యు స్విమ్?’.

సహాయక క్రియ లేకపోతే? ‘దే లివ్ హియర్’లో అలాంటిది లేదు. అప్పుడు ‘డూ’ను సాయానికి పిలవాలి: ‘దే డూ నాట్ లివ్ హియర్’, ‘డూ దే లివ్ హియర్?’. హి, షి, ఇట్‌లకు ‘డజ్’, గడిచిన కాలానికి అందరికీ ‘డిడ్’.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. సాయానికి వచ్చిన మాట కాలాన్నీ, కర్త గుర్తునూ తానే మోస్తుంది. కాబట్టి అసలు క్రియ తన మూలరూపానికి తిరిగి వెళ్లిపోతుంది. ‘షి రైట్స్’ అన్నప్పుడు రైట్ చివర ‘ఎస్’ ఉంది. ‘షి డజ్ నాట్ రైట్’ అన్నప్పుడు ఆ ‘ఎస్’ డజ్‌లోకి వెళ్లింది, రైట్ దగ్గర మళ్లీ ఉండదు. ‘హి వెంట్’ అన్నది ‘హి డిడ్ నాట్ గో’ అవుతుంది. ‘డిడ్ నాట్ వెంట్’ అంటే గడిచిన కాలాన్ని రెండుసార్లు చెప్పినట్టు. ఎన్నో ఏళ్లు చదివినవారి నోటా ఈ తప్పు వినిపిస్తుంది. కారణం అర్థమైతే ఇక రాదు.

‘ఏమిటి’, ‘ఎక్కడ’, ‘ఎందుకు’ అనే ప్రశ్నల్లో ప్రశ్నపదం అన్నిటికన్నా ముందు వస్తుంది, వెంటనే సహాయక క్రియ, ఆపైన కర్త. ‘వాట్ యు ఆర్ డూయింగ్?’ కాదు, ‘వాట్ ఆర్ యు డూయింగ్?’. ‘వై యు డిడ్ నాట్ కమ్?’ కాదు, ‘వై డిడ్ యు నాట్ కమ్?’. ప్రశ్నపదమే కర్త అయితే ఈ తిప్పుడు ఉండదు. ‘మిమ్మల్ని ఎవరు పిలిచారు?’ అనడానికి ‘హూ కాల్డ్ యు?’ అంతే.

ప్రశ్న వేరే వాక్యం లోపలికి వెళ్తే అది మామూలు వరుసకు వచ్చేస్తుంది. ‘వేర్ ఈజ్ షి?’ అనేది ప్రశ్న. ‘ఆమె ఎక్కడ ఉందో నాకు తెలియదు’ అనేటప్పుడు ‘ఐ డోంట్ నో వేర్ షి ఈజ్’. ‘వేర్ ఈజ్ షి’ అని అక్కడ అనకూడదు.

ఇక జవాబులు. ‘మీరు రాలేదా?’ అని అడిగితే, రాకపోయి ఉంటే మనం ‘అవును, రాలేదు’ అంటాం. అడిగినవారి మాట నిజమేనని ఆ అవునుకు అర్థం. ఇంగ్లీషులో ప్రశ్నతో పని లేదు, జరిగినదాన్నే చూడాలి. రాకపోతే ‘నో, ఐ డిడ్ నాట్’. వచ్చి ఉంటే ‘యెస్, ఐ డిడ్’. ‘యెస్, ఐ డిడ్ నాట్’ అంటే వినేవారికి మీరు వచ్చారో లేదో తేలదు. ఆఫీసులో, ఆసుపత్రిలో ఇలాంటి జవాబు వల్ల నిజంగా ఇబ్బంది వస్తుంది కాబట్టి ఈ ఒక్కటి బాగా సాధన చేయండి.

కాలాలు: నాలుగు చాలు

‘నేను వెళ్తాను’ అన్న తెలుగు మాటకు రెండు అర్థాలున్నాయి. రోజూ వెళ్లే అలవాటైతే ‘ఐ గో’. రేపు వెళ్లబోతే ‘ఐ విల్ గో’. ఏది చెప్పాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. ఇప్పుడు జరుగుతూ ఉంటే ‘ఐ యామ్ గోయింగ్’, అయిపోతే ‘ఐ వెంట్’. మొదలుపెట్టడానికి ఈ నాలుగు చాలు. హి, షి, ఇట్ పక్కన అలవాటు చెప్పేటప్పుడు క్రియకు ‘ఎస్’ చేరుతుందని మరవకండి: ‘హి వర్క్స్’, ‘షి గోస్’.

నో, లైక్, వాంట్, నీడ్, బిలీవ్ లాంటివి స్థితిని చెబుతాయి, వాటికి సాధారణంగా ‘ఇంగ్’ పెట్టరు. ‘ఐ యామ్ నోయింగ్’ తప్పు, ‘ఐ నో’ సరి. ‘కలిగి ఉన్నాను’ అనే అర్థంలో ‘ఐ యామ్ హ్యావింగ్ ఎ కార్’ అనకూడదు, ‘ఐ హ్యావ్ ఎ కార్’ అనాలి.

నాలుగూ చేతికొచ్చాక ఐదోదిగా ‘హ్యావ్’ రూపం నేర్చుకోండి. ‘మూడేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను’ అనడానికి ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’ అనేయడం మనకు అలవాటు. సరైనది ‘ఐ హ్యావ్ లివ్డ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్’. ఎంతకాలమో చెబితే ‘ఫర్’, ఎప్పటినుంచో చెబితే ‘సిన్స్’: ‘సిన్స్ 2020’, ‘సిన్స్ మండే’. నిన్న, పోయిన వారం అని గడిచిపోయిన సమయం చెప్పే వాక్యంలో మాత్రం ఈ ‘హ్యావ్’ రూపం రాదు. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే’ కాదు, ‘ఐ సా హిమ్ యెస్టర్డే’.

ఎ, యాన్, ది

తెలుగులో ఇవి లేవు కాబట్టి చెవికి పట్టడానికి కొంతకాలం పడుతుంది. వినేవారికి ఇంకా తెలియని ఏదో ఒక వస్తువైతే ‘ఎ’, ఏ వస్తువో ఇద్దరికీ తెలిస్తే ‘ది’. ‘ఐ బాట్ ఎ బుక్. ది బుక్ ఈజ్ గుడ్.’ తెలుగు వాక్యంలో ‘ఒక’, ‘ఏదో ఒక’ అని చేర్చినా అర్థం చెడకపోతే అక్కడ ‘ఎ’ పెట్టండి. ‘ఆ’ చేర్చినా చెడకపోతే ‘ది’. ఇది అన్ని చోట్లా పనిచేయదు గానీ మొదట్లో చాలా ఆదుకుంటుంది.

‘ఎ’నా ‘యాన్’నా అనేది స్పెల్లింగును బట్టి కాక శబ్దాన్ని బట్టి తేలుతుంది. ఆ విషయంలో మన లిపి మనకు గొప్ప సాయం. మాటను తెలుగులో రాసి చూడండి. హల్లుతో మొదలైతే ‘ఎ’: ఎ యూనివర్సిటీ, ఎ వన్ డే టికెట్. అచ్చుతో మొదలైతే ‘యాన్’: యాన్ అవర్, యాన్ ఆనెస్ట్ మ్యాన్, యాన్ ఎంబీఏ డిగ్రీ. అయితే మనలో కొందరు ‘ఎలిఫెంట్’ను ‘యెలిఫెంట్’ అని పలుకుతారు. అక్కడ అసలు శబ్దం ‘ఎ’ కాబట్టి ‘యాన్ ఎలిఫెంట్’ సరైనది.

ఇన్ఫర్మేషన్, అడ్వైస్, ఫర్నిచర్, లగేజ్ లాంటివి ఇంగ్లీషులో లెక్కపెట్టే మాటలు కావు. వీటికి ముందు ‘ఎ’ రాదు, వెనక బహువచనపు ‘ఎస్’ రాదు. ‘డిస్కస్ అబౌట్’, ‘రీచ్ టు’ అని అదనపు మాటలు తగిలించడం కూడా మానండి. ‘వి డిస్కస్డ్ ది ప్రాబ్లమ్’, ‘వి రీచ్డ్ ది స్టేషన్’ అంటే చాలు.

సాధన ఇలా చేయండి

రోజుకు యాభై వాక్యాలు చదవడం కన్నా, ఒక్క వాక్యాన్ని పట్టుకుని దాన్ని అన్ని రూపాల్లోకీ మార్చడం మేలు. మీరు ఆ రోజు నిజంగా అన్న తెలుగు మాట ఒకటి తీసుకోండి. ముక్కలుగా విడదీసి గీతలు పెట్టండి. కర్తను ముందు రాసి, మిగతాది వెనక నుంచి రాయండి. తర్వాత ఇలా మార్చుకుంటూ పోండి.

ఆమె ఈ గదిలో పనిచేస్తుంది: ‘షి వర్క్స్ ఇన్ దిస్ రూమ్.’
పనిచేయదు: ‘షి డజ్ నాట్ వర్క్ ఇన్ దిస్ రూమ్.’
పనిచేస్తుందా?: ‘డజ్ షి వర్క్ ఇన్ దిస్ రూమ్?’
ఎక్కడ పనిచేస్తుంది?: ‘వేర్ డజ్ షి వర్క్?’
నిన్న పనిచేసింది: ‘షి వర్క్డ్ ఇన్ దిస్ రూమ్ యెస్టర్డే.’
నిన్న పనిచేయలేదు: ‘షి డిడ్ నాట్ వర్క్ ఇన్ దిస్ రూమ్ యెస్టర్డే.’
ఇప్పుడు పనిచేస్తోంది: ‘షి ఈజ్ వర్కింగ్ ఇన్ దిస్ రూమ్ నౌ.’
ఎక్కడ పనిచేస్తుందో నాకు తెలియదు: ‘ఐ డోంట్ నో వేర్ షి వర్క్స్.’
ఈ గదిలో పనిచేసే అమ్మాయి: ‘ది గర్ల్ హూ వర్క్స్ ఇన్ దిస్ రూమ్.’

ప్రతిదాన్నీ రాశాక గట్టిగా చదవండి. చదివేటప్పుడు మూడు చోట్ల వేలు పెట్టి చూసుకోండి: కర్త ఉందా, దాని వెంటనే క్రియ ఉందా, డజ్ గానీ డిడ్ గానీ ఉంటే అసలు క్రియ మూలరూపంలోనే ఉందా. మూడూ సరిపోతే మర్నాడు ‘షి’ బదులు ‘దే’ పెట్టి ఇవే వాక్యాలను మళ్లీ రాయండి. ఎక్కడెక్కడ ‘ఎస్’ పోయిందో, డజ్ ఎక్కడ డూ అయిందో, ఈజ్ ఎక్కడ ఆర్ అయిందో ఎర్ర సిరాతో గుర్తుపెట్టుకోండి. ఆ ఎర్ర గుర్తులున్న చోట్లే రేపు మీరు మాట్లాడేటప్పుడు తడబడే చోట్లు కాబట్టి, ఆ వాక్యాలనే ముందు నోటికి రానివ్వండి.